పొద్దు పొడవని చలికాలం, పొద్దు గుంకని వేసవి: ట్రోమ్సోకి వచ్చేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది శ్రీకాకుళం. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడికి నడిచి వెళ్ళేంత దూరంలో పెరిగాను. పెళ్ళయ్యాక మా ఆయన ఉద్యోగం వల్ల నార్వే ఉత్తరాన ఉన్న ట్రోమ్సోకి వచ్చాం. ఇది మాకు ఎనిమిదో చలికాలం. ఇక్కడి యూనివర్సిటీలో చదువుకోడానికో, ఉద్యోగానికో బయల్దేరే మనవాళ్ళూ, ఊళ్ళో ఉండి కంగారుపడే వాళ్ళ అమ్మానాన్నలూ ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఫోన్లో సగమే చెప్పగలుగుతున్నాను. అందుకే అన్నీ ఒకచోట రాశాను.

నిజంగా ఆరు నెలలు చీకటి, ఆరు నెలలు వెలుతురూనా?

ఆ లెక్క సరిగ్గా ధ్రువం దగ్గరే. ఉత్తరాయణం దేవతలకు పగలు, దక్షిణాయనం రాత్రి అని చిన్నప్పుడు విన్నాం కదా, ఏడాదికి ఒకే పగలు, ఒకే రాత్రి అన్నంత వరకు అది అక్కడికి సరిపోతుంది, నెలలు మాత్రం కలవవు. మనుషులు కాపురాలుండే ఊళ్ళలో అంత ఉండదు. ట్రోమ్సో 69.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, ఆర్కిటిక్ వలయానికి దాదాపు 350 కిలోమీటర్లు పైన ఉంది. లెక్క ప్రకారం ఇక్కడ నవంబరు 27 ప్రాంతం నుంచి జనవరి 15 ప్రాంతం వరకు పొద్దు పొడవదు. ఊరి చుట్టూ కొండలు కాబట్టి మా కళ్ళకు సూర్యుడు కనపడనిది ఇంకొంచెం ఎక్కువ కాలం: నవంబరు 21 నుంచి జనవరి 21 వరకు, రెండు నెలలు. దీన్ని ఇక్కడ ‘మోర్కెతీద్’ అంటారు, చీకటి కాలం అని. మే 20 ప్రాంతం నుంచి జులై 22 ప్రాంతం వరకు పొద్దు గుంకదు.

మిగతా ఎనిమిది నెలలూ పగలూ రాత్రీ రెండూ ఉంటాయి. కాకపోతే అవి నిలకడగా ఉండవు. జనవరి మధ్యలో సున్నాగా ఉన్న పగలు మే మూడో వారానికల్లా 24 గంటలవుతుంది. అంటే సగటున రోజుకి దాదాపు 12 నిమిషాలు, వారానికి గంటా ఇరవై నిమిషాలకు పైగా. హైదరాబాదులో ఏడాది మొత్తం మీద పొట్టి పగలుకీ పొడుగు పగలుకీ ఉన్న తేడా రెండు గంటల పైచిలుకే. ఆ తేడా ఇక్కడ రెండు వారాల్లో వచ్చేస్తుంది. కొత్తవాళ్ళని చీకటికన్నా ఈ పరుగే ఎక్కువ తికమక పెడుతుంది.

అయితే మధ్యాహ్నం పన్నెండింటికి కూడా చిమ్మచీకటేనా?

కాదు. అందరూ పొరబడేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్తాను. డిసెంబరు 21న, ఏడాదిలోకెల్లా పొట్టి రోజున కూడా, మిట్టమధ్యాహ్నం సూర్యుడు దిగ్మండలానికి మూడు డిగ్రీలే కింద ఉంటాడు. మన ఊళ్ళో సూర్యుడు పైకి రావడానికి పది నిమిషాల ముందు తూర్పున ఎంత వెలుతురుంటుందో అంత వెలుతురన్నమాట. మనకు ఇరవై నిమిషాల్లో అయిపోయే ఆ వేకువ ఇక్కడ ఉదయం తొమ్మిదిన్నర నుంచి రెండు లోపు దాకా సాగుతుంది.

మా వంటింటి కిటికీ ఎదురుగా నీళ్ళకి అవతల కొండ ఉంటుంది. తొమ్మిదింటికి అది నల్లటి ముద్ద. తొమ్మిదిన్నరకి అంచు తేలుతుంది. పదిన్నరకి దాని మీది మంచంతా నీలంగా మారుతుంది. ఆ నీలం మన ఆకాశం నీలం కాదు, చాకలి నీలిమందు నీళ్ళలో కొంచెం పాలు కలిపితే వచ్చే రంగు. పదకొండున్నరకి దక్షిణం వైపు గులాబీ రంగు తేలుతుంది, అదే సూర్యుడు కింద నుంచి దాటిపోతున్న జాడ. వంతెన అవతల తెల్లగా, కోణాలు కోణాలుగా ఉండే ఆర్కిటిక్ కేథడ్రల్ కూడా ఆ కాసేపు గులాబీ రంగులోనే ఉంటుంది. ఒంటిగంట దాటాక నీలం చిక్కబడుతుంది. మూడింటికల్లా చుక్కలు.

నేల మీద మంచు ఉంటే ఆ కొద్ది వెలుతురూ రెట్టింపవుతుంది. నిజంగా నల్లగా, భారంగా ఉండేది మంచు పడని నవంబరు వానరోజులు. ‘చలికాలం ఎప్పుడు బాగుంటుంది’ అని ఎవరైనా అడిగితే ‘మంచు పడ్డాక’ అనే చెప్తాను.

ఇలా ఎందుకు జరుగుతుంది?

భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉండడమే కారణం. డిసెంబరులో ఉత్తర ధ్రువం సూర్యుడికి ఎడంగా, జూన్‌లో సూర్యుడి వైపుగా వాలి ఉంటుంది. మా ఊళ్ళో ఇది సరిగ్గా అద్దంలో చూసినట్టు ఉంటుంది: డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు మూడు డిగ్రీలు కింద, జూన్ అర్ధరాత్రి మూడు డిగ్రీలు పైన. ఇంకోటి చెప్తే చాలామంది నమ్మరు. నడివేసవి మధ్యాహ్నం ఇక్కడ సూర్యుడు ఎక్కేది 44 డిగ్రీల లోపే. హైదరాబాదులో డిసెంబరు మధ్యాహ్నమే 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. నడినెత్తిన ఎండ అనే మాట ఈ ఊరివాళ్ళకి వివరించాలంటే కష్టం.

చలి ఎంత ఉంటుంది?

అనుకున్నంత ఉండదు. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి సముద్రప్రవాహం వల్ల ఇక్కడ సముద్రం గడ్డకట్టదు. జనవరి సగటు సున్నాకి మూడు నాలుగు డిగ్రీలు కింద. మైనస్ 15 అంటే ఇక్కడ విశేషమే. మంచు మాత్రం విపరీతం. 1997 ఏప్రిల్‌లో 240 సెంటీమీటర్ల మంచు పేరుకుంది. స్వెటర్లు అక్కడి నుంచి మోసుకురాకండి. ఉన్ని లోదుస్తులు ఇక్కడే కొనుక్కోండి.

చీకటి రోజుల్లో నిద్ర ఎందుకు చెడుతుంది? ఎక్కువ నిద్రపట్టాలి కదా?

మన మెదడులో ఒక గడియారం ఉంటుంది. చాలామందిలో అది 24 గంటలకన్నా కొంచెం ఎక్కువ తీసుకుని తిరుగుతుంది. రోజూ పొద్దున కళ్ళలో పడే వెలుతురు దాన్ని సరిచేస్తుంది. శరీరంలో ఈ గడియారం ఎలా నడుస్తుందో పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో కనిపెట్టినందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ ఇచ్చారు. పొద్దుటి వెలుతురు అందకపోతే గడియారం రోజూ కాస్త కాస్త వెనక్కి జారుతుంది. రాత్రి పన్నెండైనా నిద్ర రాదు, పొద్దున ఎనిమిదైనా మెలకువ రాదు.

మొదటి చలికాలం నేను ఇంట్లోంచే పనిచేసేదాన్ని. బయటికి వెళ్ళే అవసరం లేదు, వెళ్ళాలనీ అనిపించలేదు. పడుకునేది ఒంటిగంట, తర్వాత రెండు, డిసెంబరు రెండో వారానికి నాలుగు. లేచి, కాఫీ తాగి, కంప్యూటర్ ముందు కూర్చునేసరికి ఆ నాలుగు గంటల మసక వెలుతురూ అయిపోయేది. ఒకసారి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటే పదకొండు రోజులుగా నేను పగటి వెలుతురే చూడలేదు. ఊరికే ఏడుపొచ్చేది. ఆఫీసు మీటింగులు రెండు తప్పిపోయాయి. పై అంతస్తులో ఉండే పెద్దావిడ, డెబ్భై దాటినావిడ, ఒకరోజు పదకొండింటికి తలుపు తట్టి ‘బూట్లు వేసుకో’ అంది. నడక ఇరవై నిమిషాలే. రేపూ వస్తానంది, వచ్చింది. మూడు వారాలు వచ్చింది. నా నిద్ర మళ్ళీ దారిలో పడింది అలాగే.

కాబట్టి నేను అందరికీ చెప్పేది ఇది: లేచే వేళ మార్చొద్దు. ఆదివారమైనా, క్రిస్మస్ సెలవులైనా సరే. పది నుంచి ఒంటిగంట మధ్యలో ఒక్క అరగంట బయట ఉండండి. మబ్బు పట్టినా, వాన పడినా, మంచు రాలినా. క్లాసులు ఉంటే భోజనం వేళ నడవండి. భోజనం కూడా వేళకే చేయండి. రాత్రి తొమ్మిదయ్యాక ఇంట్లో తెల్లటి లైట్లు ఆపేసి పసుపు దీపాలు ఉంచండి. వెలుతురు లేకపోవడం మనం మార్చలేం, వేళ తప్పకుండా ఉండడం మన చేతిలో పనే.

ఇది మన ఒక్కళ్ళ బలహీనత కాదు. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో భూమధ్యరేఖ దగ్గరి ఘనా విద్యార్థులనీ ఇక్కడి విద్యార్థులనీ పోల్చి చూశారు. ఇక్కడివాళ్ళు చలికాలంలో ఆలస్యంగా పడుకుని ఆలస్యంగా లేచారు, ఘనావాళ్ళలో అలాంటి మార్పు లేదు. పుట్టి పెరిగినవాళ్ళకే తప్పనిది మనకెలా తప్పుతుంది?

డిప్రెషన్ వస్తుందని భయంగా ఉంది. నిజమేనా?

కొందరికి వస్తుంది. అందరికీ రాదు. ఒళ్ళు బరువుగా ఉండడం, పొద్దున లేవబుద్ధి కాకపోవడం, తీపి మీదా అన్నం మీదా మనసు పోవడం చాలామందికి కొద్దో గొప్పో ఉంటుంది. అది రెండు వారాలు దాటి, ఇష్టమైన పని కూడా చేయబుద్ధి కాక, ఎవరినీ కలవబుద్ధి కాక, బతుకు మీద ఆశ తగ్గినట్టు అనిపిస్తే అది బద్ధకం కాదు. 1984లో నార్మన్ రోజెన్‌తాల్, ఆయన తోటి డాక్టర్లు దీన్ని వేరుగా గుర్తించి వర్ణించారు, చలికాలంలో వచ్చి వసంతంలో తగ్గే డిప్రెషన్ అని. దానికి వైద్యం ఉంది.

ఇక్కడ నివాసం నమోదైన ప్రతి ఒక్కరికీ ఒక ఫ్యామిలీ డాక్టర్ ఉంటారు, ‘ఫస్ట్‌లేగె’ అంటారు. ముందుగా ఆయన దగ్గరికే వెళ్ళాలి. రాత్రివేళ ఆగలేని పరిస్థితి అయితే అత్యవసర డాక్టర్ నంబరు 116117. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 116123కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ప్రాణం మీదికి వస్తే 113. మన పిల్లలు ‘అమ్మకి చెప్తే టెన్షన్ పడుతుంది’ అని దాచుకుంటారు. అమ్మకి చెప్పకపోయినా పర్వాలేదు. ఎవరో ఒకరికి చెప్పండి.

మనసు ఎలా తీసుకుంటుందన్నది కూడా లెక్కే. కారి లీబోవిట్స్ అనే అమెరికన్ మనస్తత్వ పరిశోధకురాలు 2014-15లో ఏడాదిపాటు ఇక్కడ ఉండి, నార్వే దక్షిణాన, ఉత్తరాన, ఇంకా పైన ధ్రువం వైపు ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లో జనం చలికాలాన్ని ఎలా చూస్తారో సర్వే చేసింది. ఉత్తరానికి వెళ్ళేకొద్దీ జనం చలికాలాన్ని మరింత ఇష్టంగా చూస్తున్నారని తేలింది. ‘ఎప్పుడు అయిపోతుందిరా బాబూ’ అని రోజులు లెక్కపెట్టేవాళ్ళకన్నా, చీకటి కాలం కోసం పనులు దాచిపెట్టుకున్నవాళ్ళు తేలిగ్గా గడుపుతారు. నేను కళ్ళారా చూశాను. అలాగని జబ్బు పడ్డవాళ్ళతో ‘మనసు దిటవు చేసుకో’ అనడం మాత్రం తప్పు.

లైట్ బాక్స్ కొనాలా? ఎలా వాడాలి?

పొద్దుటి ఎండకి బదులుగా గట్టి వెలుతురిచ్చే దీపమది. పొద్దున లేవడం కష్టమవుతుంటే కొనుక్కోండి. 10,000 లక్స్ (వెలుతురు కొలత) అని రాసి ఉన్నది, అతినీలలోహిత కిరణాలు రానిది చూసి తీసుకోండి. లేచిన గంటలోపు, అది చెప్పిన దూరంలో పెట్టుకుని 20 నుంచి 30 నిమిషాలు కూర్చోవాలి. దాన్నే కళ్ళార్పకుండా చూడక్కర్లేదు, పక్కన పెట్టుకుని టిఫిన్ చేసుకోవచ్చు. సాయంత్రం వాడితే ఉన్న నిద్ర కూడా పోతుంది. కంటి జబ్బు ఉన్నవాళ్ళూ, బైపోలార్ (మనసు పట్టరాని ఉత్సాహానికీ దిగులుకీ మధ్య ఊగే జబ్బు) ఉన్నవాళ్ళూ డాక్టర్ని అడక్కుండా వాడకూడదు.

ఇంట్లో మామూలు లైటు కింద వంద నుంచి ఐదు వందల లక్స్ లోపే ఉంటుంది, కంటికి మాత్రం అదే పెద్ద వెలుగులా తోస్తుంది. మా కరివేపాకు మొక్కని మాత్రం ఏమార్చలేం. నవంబరు వచ్చిందంటే దాని నెత్తిన మొక్కల ఎల్‌ఈడీ దీపం పన్నెండు గంటలు వెలగాల్సిందే. ఒక్క వారం మరిచిపోతే ఆకు రాల్చేస్తుంది.

విటమిన్ డి సంగతి? మేం శాకాహారులం.

చలికాలం అంతా ఇక్కడి వెలుతురుతో చర్మంలో విటమిన్ డి తయారవదు. మన చామనఛాయకి ఎండ మామూలుగానే ఎక్కువ కావాలి కాబట్టి మనకింకా లోటు. ఇక్కడివాళ్ళు కాడ్ చేప కాలేయం నుంచి తీసిన నూనె తాగుతారు, ‘త్రాన్’ అంటారు. నెల పేరులో ‘ర’ ఉంటే త్రాన్ తాగాలని పెద్దల మాట. నార్వేజియన్‌లో సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా అన్ని పేర్లలోనూ ఆ అక్షరం ఉంటుంది. ఒక చిన్న చెంచా త్రాన్‌లో 10 మైక్రోగ్రాముల విటమిన్ డి ఉంటుంది. పెద్దవాళ్ళకి ఇక్కడి ఆరోగ్యశాఖ చెప్పే రోజువారీ మోతాదు కూడా అంతే.

శాకాహారులకి మాత్రలున్నాయి. డి3 మామూలుగా గొర్రెబొచ్చు జిడ్డు నుంచి తీస్తారు. అదీ వద్దనుకుంటే రాళ్ళ మీదా చెట్ల మీదా నాచులా పెరిగే లైకెన్ నుంచి తీసినది అడగండి. ఇండియా నుంచి 60,000 యూనిట్ల పొట్లాలు తెచ్చుకుని ఇష్టమొచ్చినట్టు వేసుకోకండి. 10 మైక్రోగ్రాములంటే 400 యూనిట్లే. రక్తపరీక్ష చేయించుకుని, డాక్టర్ చెబితేనే పెద్ద మోతాదు.

చీకట్లో బయట తిరగడం, బండి నడపడం భయం కాదా?

దొంగల భయం కాదు, జారిపడే భయం, కారువాడికి కనపడమనే భయం. మొదటిదానికి బూట్ల కింద తగిలించుకునే ఇనుప మేకుల పట్టీలు, ‘బ్రొద్దర్’. రెండోదానికి ‘రెఫ్లెక్స్’, కాంతి పడితే మెరిసే పట్టీ. ముదురు రంగు కోటు వేసుకున్న మనిషి కారు డిమ్ లైట్లో డ్రైవరుకి 25-30 మీటర్ల దూరంలోనే కనపడతాడు. రెఫ్లెక్స్ ఉంటే 140 మీటర్ల నుంచే. వచ్చిన రోజే రెండూ కొనండి, మిగతా షాపింగ్ తర్వాత. పట్టపగలైనా హెడ్‌లైట్లు వేసే బండి నడపాలని నార్వేలో చట్టం. ఊరు దాటితే రోడ్డు మీదికి దుప్పులూ రెయిన్‌డీర్లూ వస్తాయి.

కరెంటు బిల్లు వాచిపోతుందా?

లైట్లకి కాదు, ఇల్లు వెచ్చగా ఉంచుకోడానికే ఖర్చు. ఉత్తర నార్వే ఇళ్ళకి కరెంటు మీద వ్యాట్ లేదు, అది కొంత ఊరట.

వేసవిలో హాయే కదా?

హాయే, కానీ నిద్ర విషయంలో నాకు చలికాలంకన్నా వేసవే కష్టం. చీకట్లో అలసట తెలుస్తుంది, వెలుతుర్లో తెలియదు. అర్ధరాత్రి పక్కింటాయన గడ్డి కోస్తుంటాడు, పిల్లలు సైకిళ్ళు తొక్కుతుంటారు. జూన్‌లో జరిగే మారథాన్ రాత్రి మొదలై అర్ధరాత్రి దాటేదాకా సాగుతుంది. మనకీ ఒంటిలో ఏదో కొత్త సత్తువ వచ్చినట్టుంటుంది. పది రోజులయ్యాక చిరాకు, తలనొప్పి, చిన్నదానికి కోపం.

మా అమ్మ ఒక జూన్‌లో వచ్చింది. మొదటి సాయంత్రం దీపం పెట్టాలని ప్రమిదలో నూనె పోసి, ఒత్తి వేసి, కిటికీ దగ్గర కూర్చుంది. ఆరయింది, ఏడయింది. ‘ఇంకా ఎండ ఉందిగా, సందె పడనీ’ అంది. తొమ్మిదిన్నరకి అన్నం పెడతానంటే ‘దీపం పెట్టకుండా ఎలా తింటాను’ అంది. పదకొండింటికి కిటికీలోంచి ఎండ ఆమె ముఖం మీద పడుతోంది, ఒళ్ళో అగ్గిపెట్టె అలాగే ఉంది. అప్పుడు గడియారం చూపించి, ‘అమ్మా, ఇక్కడ సందె పడదు’ అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. మర్నాటి నుంచి తనే సాయంత్రం ఆరున్నర అని వేళ పెట్టుకుంది. ఎర్రటి ఎండలో దీపం వెలిగించి దణ్ణం పెట్టుకునేది. మంట కనపడేది కాదు, వేడి మాత్రం చేతికి తగిలేది. నాకు ఇంతకన్నా మంచి సలహా తెలీదు.

పడగ్గదికి వెలుతురు దూరనివ్వని నల్ల పరదాలు వేయించండి. అద్దె ఇల్లు చూసేటప్పుడే పరదాలు ఉన్నాయా అని అడగండి. అంచుల్లోంచి వచ్చే గీత కూడా నిద్ర చెడగొడుతుంది, టేపుతో మూయండి. పడుకోడానికి రెండు గంటల ముందే పరదాలు వేసేయండి, బయటి నుంచి వస్తుంటే చలువ కళ్ళద్దాలు పెట్టుకోండి.

2019లో ట్రోమ్సో దగ్గరి సోమ్మరాయ్ దీవి ప్రజలు గడియారాలే రద్దు చేసుకుంటున్నారని ప్రపంచమంతా వార్తలొచ్చాయి. అది టూరిజం ప్రచారం కోసం చేసిన పని అని తర్వాత బయటపడింది. వేళ లేకుండా ఇక్కడ ఎవరూ బతకరు. బడి ఎనిమిదింటికే, బస్సు నిమిషానికే.

చిన్నపిల్లలు ఎలా తట్టుకుంటారు?

మనకన్నా బాగా. ఇక్కడి బాలవాడీల్లో చీకటైనా మంచైనా రోజూ బయట ఆడిస్తారు, మెరిసే జాకెట్లు తొడిగి. మనవాళ్ళు మొదట్లో ‘జలుబు చేస్తుంది’ అని గొడవపడతారు, నేనూ గాబరా పడ్డాను. కానీ ఆ బయటి గంటలే పిల్లల నిద్రని కాపాడతాయి. పసిపిల్లలకి విటమిన్ డి చుక్కలు ఎప్పటి నుంచి వేయాలో హెల్త్ సెంటర్ నర్సు చెబుతుంది. వేసవిలో రాత్రి ఎనిమిదికి పడుకోబెట్టాలంటే ‘సూర్యుడు పడుకోలేదుగా’ అని మా వాడు వాదించేవాడు. ఇప్పుడు వాడే వెళ్ళి పరదా వేసి ‘ఇప్పుడు రాత్రి’ అంటాడు.

పండుగలూ పూజలూ పంచాంగం ప్రకారం ఎలా?

మన పంచాంగంలో తిథి చూసేది సూర్యోదయాన్ని బట్టి. సూర్యోదయమే లేని ఊళ్ళో అది కుదరదు. మేం ఇండియా తేదీలే పాటిస్తాం. ఇక్కడి ముస్లింలకీ రంజాన్ వేసవిలో వస్తే ఇదే చిక్కు, చాలామంది మక్కా వేళల ప్రకారం ఉపవాసం ఉంటారు.

ఒక విషయం మాత్రం నన్ను కదిలిస్తుంది. మన కార్తీక మాసం వచ్చేది సరిగ్గా ఇక్కడ చీకటి ముదిరే వేళ. మన దీపాలు గుమ్మంలో పెడుతుంటే, కొద్ది రోజులకే ఎదురింటివాళ్ళు కిటికీలో ఏడు కొవ్వొత్తుల దీపం, కాగితపు నక్షత్రం పెడతారు. ఆ దీపాలు జనవరి దాకా ఉంటాయి, పరదాలు వేయరు. దారినపోయేవాళ్ళకి కూడా వెలుతురు కావాలి కదా. ఇళ్ళు కర్రవి కాబట్టి దీపం వెలుగుతుండగా గది వదిలి వెళ్ళకండి.

సూర్యుడు తిరిగొచ్చే రోజు ఎలా ఉంటుంది?

లెక్క ప్రకారం ధ్రువరాత్రి ముగిసేది జనవరి 15 ప్రాంతంలో, మన సంక్రాంతికి. మన ఊళ్ళో ఉత్తరాయణం పంచాంగంలో మాట, ఇక్కడ కళ్ళతో చూసే మాట. కొండల మీదుగా ఊళ్ళోకి తొంగిచూసేది మాత్రం జనవరి 21న. దాన్ని సూర్యుడి రోజు అంటారు. ఆ రోజు ‘సూల్‌బొల్లె’ అని లోపల జామ్ గానీ కస్టర్డ్ గానీ పెట్టిన గుండ్రటి తీపి బన్ను తింటారు. బేకరీల ముందు పొద్దున్నే క్యూ. మబ్బు పట్టి సూర్యుడు కనపడకపోయినా బన్ను తినాల్సిందే.

మేం వచ్చిన మూడో ఏడు ఆకాశం శుభ్రంగా ఉంది. పన్నెండు కాకముందే ఆఫీసుల్లోంచి జనం బయటికొచ్చి దక్షిణం వైపు తిరిగి నిలబడ్డారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. రెండు కొండల మధ్య పలచటి నిప్పుగీత, అంతే, కొద్ది నిమిషాలు. నా పక్కన నిలబడ్డ ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నా నీడ మంచు మీద పొడుగ్గా పడింది. రెండు నెలలుగా నాకు నీడ లేదన్న సంగతి అప్పుడు తెలిసింది. చేతులు వాటంతటవే జోడించాను. ఆ తర్వాత నెల లోపే మాకు రథసప్తమి వస్తుంది. జిల్లేడాకు దొరకదు, చిక్కుడుకాయలు ఫ్రోజెన్‌వి దొరుకుతాయి. పాలు పొంగించి ఆ కిటికీ ముందే నైవేద్యం పెడతాను.

ఇక్కడి పాతకాలం జనం ఎలా బతికేవారు?

సామీలు ఈ నేల మీద రెయిన్‌డీర్లు కాసుకుంటూ తరతరాలుగా ఉంటున్నవాళ్ళు. వాళ్ళ ఏడాదికి నాలుగు కాదు, ఎనిమిది రుతువులు. చీకటి కాలానికి వాళ్ళ మాట ‘స్కాబ్మా’. రెయిన్‌డీర్ కంటి లోపలి పొర వేసవిలో బంగారు రంగులో, చలికాలంలో నీలంగా మారుతుందని, దాంతో మసకలో బాగా చూడగలుగుతుందని 2013లో పరిశోధకులు ప్రకటించారు, అందులో ట్రోమ్సోవాళ్ళూ ఉన్నారు. మనకి అలాంటి కళ్ళు లేవు కాబట్టి మనుషులు కలిసి గడుపుతారు. జనవరిలో ఇక్కడ అంతర్జాతీయ చలనచిత్రోత్సవం, చీకట్లో పరుగుపందెం, ఆ నెలాఖరున సంగీతోత్సవం. ఊరి మధ్య అడవిలో దీపాలు పెట్టిన స్కీ బాట ఉంది. సాయంత్రమైతే అక్కడే సగం ఊరు.

ఆరోరా చూడ్డానికి ఏ నెలలో రావాలి?

ఆరోరా అంటే రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగు. దానికి సెప్టెంబరు చివరి నుంచి మార్చి చివరి దాకా. వేసవిలో ఆకాశం చీకటి పడదు కాబట్టి కనపడదు. పగటి వెలుతురూ కొంత కావాలంటే ఫిబ్రవరి నెలాఖరు, మార్చి మంచివి. మబ్బు లేకపోవడం ముఖ్యం, అది ఎవరి చేతిలోనూ లేదు.

స్వాల్‌బార్డ్‌లో ఉద్యోగం వచ్చింది. ఇలాగే ఉంటుందా?

ఇలా ఉండదు. అక్కడి ముఖ్యమైన ఊరు లాంగ్యర్‌బ్యెన్ 78 డిగ్రీల మీద ఉంది. అక్టోబరు చివరి వారంలో పోయిన సూర్యుడు ఫిబ్రవరి మధ్యదాకా రాడు. నవంబరు మధ్య నుంచి జనవరి చివరిదాకా మధ్యాహ్నం కూడా నేను చెప్పిన నీలం వెలుతురు ఉండదు, అది నిజమైన రాత్రి. కొండల వల్ల ఊళ్ళో ఎండ పడేది మార్చి 8 ప్రాంతంలో. ఆ రోజు ఊరంతా పాత ఆసుపత్రి మెట్ల దగ్గర చేరి ఎదురుచూస్తారు. మొదటిసారి ఉత్తరానికి వచ్చేవాళ్ళు ఒక చలికాలం ట్రోమ్సో లాంటి ఊళ్ళో గడిపి అక్కడికి వెళ్తే మంచిదని నా అభిప్రాయం.

మొదటిసారి ఏ నెలలో వచ్చి దిగితే మంచిది?

ఆగస్టు. యూనివర్సిటీ తరగతులూ అప్పుడే మొదలవుతాయి. రాత్రి మెల్లగా తిరిగొస్తుంటుంది, ఒళ్ళు అలవాటు పడుతుంది, నవంబరు నాటికి నలుగురు తెలిసినవాళ్ళు ఏర్పడతారు. డిసెంబరులో దిగక తప్పకపోతే, మొదటి రోజు ఎంత నిద్ర వచ్చినా ఉదయం పదకొండింటికి బయటికి రండి. ఎవరూ తెలియకపోతే నాకు కబురు పెట్టండి. నేనూ పై అంతస్తు పెద్దావిడా రోజూ ఆ వేళకి వంతెన దాకా నడుస్తాం.